సత్తువ మందు

మరియంబీకి ఏం జబ్బో వాళ్ల వీధిలో అందరికీ తెలుసు. నీరసం. అత్త సైదా బీ ఆ మాటే అంది. మొగుడు ఖాసిం సాబ్ ఆ మాటే అన్నాడు. బజారు మూల మీద సూదులు వేసే డాక్టరైతే ఆమె చెయ్యి కూడా పట్టి చూడకుండా ఆ మాటే అన్నాడు. ఒంట్లో రక్తం లేదు, సత్తువ లేదు, నాలుగు నెలలు బలం మందు తాగితే గుర్రంలా తిరుగుతుందన్నారు. నాలుగు నెలలు గడిచి ఎనిమిదయ్యాయి. మరియంబీ మాత్రం గడప మీద, లోపల ఒక కాలు, బయట ఒక కాలు పెట్టుకుని కూర్చునే ఉంది.

అంతకుముందు ఆమె అట్లాంటి మనిషి కాదు. ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు ఆరేళ్లు పనికి పోయింది. గింజ వేరు చేసిన దూది వచ్చి పడే గది ఒకటి ఉండేది అక్కడ. ఆ దూదిని తొక్కి, గంపలకెత్తి, బేళ్లుగా బిగించి కట్టే చోటికి చేర్చడం ఆమె పని, ఆమె జత హులిగమ్మ పని. హులిగమ్మది కన్నడ సరిహద్దు దగ్గరి ఊరు హొళగుంద. పొడుగు మనిషి, మగవాళ్ల భుజాలు. సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడుతూ, నెత్తిన గంప ఉన్నప్పుడు కూడా పక్కవాళ్లను నవ్వించేది. ఆడవాళ్లు దూది ఒడిలో కట్టుకుపోతారని మిల్లువాళ్ల అనుమానం. అందుకని పని జరిగినంతసేపూ ఆ గదికి బయట తాళం వేసి ఉండేది. గంపలు నిండినప్పుడు కేక వేస్తే మేస్త్రీ భీమప్ప వచ్చి తీసేవాడు.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం, ఉగాది ఇంకా పది రోజులుందనగా, పత్తిలో వచ్చిన రాయి ఏదో యంత్రంలో పడి నిప్పు రేగింది. ఆ రవ్వ దూదితో పాటే గదిలోకి వచ్చింది. దూది మీద మంట పాకడానికి రెప్పపాటు చాలు. ఆడవాళ్లిద్దరూ తలుపు బాదారు, అరిచారు. భీమప్ప వీధి అవతల టీ అంగడి దగ్గర ఉన్నాడు. గోడలో బాగా ఎత్తున గాలి కోసం పెట్టిన చిన్న కిటికీ ఉంది. అందులోంచి మరియంబీ బయటికి దూరి గింజల బస్తాల మీద పడింది. హులిగమ్మ రాలేకపోయింది. తాళం తీసేసరికి ఆమెను బతికించే వేళ దాటిపోయింది.

మరియంబీ మోచేతి మీద కాలిన గాయం నెలలో మానింది. మిగిలింది మానలేదు. ఎవరన్నా తలుపు దగ్గరికి వేస్తే చాలు, గుండె గొంతులోకి వచ్చేది. అరచేతులు చల్లబడేవి. పక్కింటి పొయ్యి పొగ వచ్చినా, వీధిలో ఎవరన్నా బీడీ వెలిగించినా లేచి బయటికి పరుగెత్తేది. స్నానానికి కట్టిన తడిక వెనక్కి పోవాలన్నా అత్త బయట నిలబడి మాట్లాడుతూ ఉండాలి. కళ్లు మూసుకుంటే కలవరింతలు. తిండి తగ్గింది. అన్నం సహించక కాదు, తినేటప్పుడు కూడా బయటికి దారి ఎటుందో చూసుకోవడంతోనే సరిపోయేది.

వీటన్నిటికీ ఇంట్లో ఒకటే మందు. తిండి, బలం మందు.

ఖాసిం సాబ్ మంచివాడు. దూదేకే విల్లు భుజాన వేసుకుని ఊరంతా తిరిగి పరుపులు, బొంతలు ఏకి ఇచ్చేవాడు. ఇదివరకు ఆ పని ఇంటి ముందరే చేసేవాడు. మంటల తర్వాత మరియంబీ గాలిలో దూదిపింజె ఎగిరితే బిగుసుకుపోతోందని, పని అంతా గిరాకీ వాళ్ల ఇళ్ల దగ్గరే పెట్టుకున్నాడు. సాయంత్రం బావి దగ్గర తల తడుపుకుని, చొక్కా దులుపుకుని, అప్పుడు ఇంట్లోకి వచ్చేవాడు. వచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉండేది. ఒక వారం చేపనూనె గుళికలు. ఒక వారం సున్నపు పొడి లాంటి ఎముకల మందు. ఎవరో చెప్పారని ఖర్జూరం. ఇంకెవరో చెప్పారని పాలలో కొట్టి తాగించడానికి నాటుకోడి గుడ్లు. వారానికి రెండుసార్లు రక్తానికని ఎర్రసూది. మరీ తూలి పడిపోయిన రోజు గ్లూకోజు సీసా. ఇవి చాలక సైదా బీ ఉలవకట్టు కాచేది, మేక కాళ్ల పులుసు పెట్టేది, పక్కన కూర్చుని అడుగంటా తాగించేది.

మరియంబీ ఒళ్లు చేసింది. చీరకు రెండు కుచ్చిళ్లు తగ్గాయి. గుండె దడ ఇసుమంత కూడా తగ్గలేదు.

ఒకరోజు మొగుడు కొత్త సీసా మూత తీస్తుంటే ఆమె చెప్పేసింది.

"నాకు నీరసం కాదయ్యా. భయం."

ఖాసిం సాబ్ చెంచాలోకి మందు ఒంపుతూనే ఉన్నాడు. "నీరసమున్నోళ్లకే భయమొస్తాది. డాక్టరు సెప్పినాడు గదా. ఇది తాగు, పోతాది."

ఆమె తాగింది. ఏం చేస్తుంది. వద్దంటే ఆయన మొహం చూడలేకపోయేది. తాగితే తనకు తనమీదే కోపం. ఇంత తిండి తిని, ఇంత మందు తాగి, ఇంకా భయపడుతున్నావంటే నీలోనే ఏదో లోపముందని ఇంట్లో ఎవరూ అనలేదు గానీ, ప్రతి కొత్త సీసా ఆ మాట అన్నట్టే ఉండేది.

ఆ సీసాల్లో అన్నిటికంటే ఆమెకు ఒళ్లు మండేవి మిల్లు నుంచి వచ్చేవి. నెలనెలా మొదటి వారంలో మేస్త్రీ భీమప్ప రెండు ఎర్ర సీసాలు సంచిలో వేసుకుని వచ్చేవాడు. సావుకారు పంపించినాడమ్మా, నీ ఆరోగ్యం కోసం, అనేవాడు. గడప బయటే నిలబడేవాడు, ఆమె మొహంలోకి చూసేవాడు కాదు. ఒక కాగితం మీద ముట్టినట్టు వేలిముద్ర వేయించుకునేవాడు. మరియంబీ లోపలికీ పోయేది కాదు, బయటికీ పోయేది కాదు. గడప మీదే ఉండి, ఆయన కాళ్ల వైపు చూస్తూ వేలిముద్ర వేసేది. తాళం మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఆమె నోట్లో ఆ మాట నెలనెలా వచ్చి ఆగిపోయేది. ఆయన వెళ్లాక పళ్లు నూరుకునేది.

చలికాలంలో ఒకనాడు వీధి చివర ఎవరో చెత్త తగలబెట్టారు. గాలి ఇటు తిరిగింది. మరియంబీ పైట జారినా చూసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తి జట్కా గుర్రం కింద పడబోయింది. జట్కావాడు పట్టి ఆపాడు. ఆ సాయంత్రానికి వీధిలో జబ్బు పేరు మారింది. హులిగమ్మ పట్టుకుందన్నారు. దర్గా దగ్గరికి తీసుకుపోయి తాయెత్తు కట్టించారు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకోమని పక్కింటి అంజనమ్మ చెప్పింది. హులిగమ్మ పేరు ఆ విధంగా విన్నందుకు మరియంబీకి వచ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. చనిపోయి కూడా ఆమె నిందలు మోయవలసి వచ్చింది.

ఈ సంగతి తెలిసి ఎమ్మిగనూరు నుంచి ఖాసిం సాబ్ అక్క అక్బర్‌బీ వచ్చింది. మొగుడు పోయిన మనిషి, మగ్గాలవాళ్లకు కండెలకు నూలు చుట్టి ఇస్తూ బతుకుతోంది. అల్మారా మీద వరసగా పెట్టిన సీసాలు చూసింది, మరదలి మొహం చూసింది, తమ్ముణ్ణి కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెట్టింది. మరునాడే మరియంబీని వెంటబెట్టుకుని బస్సెక్కింది. బస్సులో మరియంబీ దిగే మెట్టు దగ్గరే నిలబడింది. కండక్టరు కూర్చోమని మూడుసార్లు అరిచాడు. అక్బర్‌బీ అతనితో పోట్లాడుతూనే ఎమ్మిగనూరు చేర్చింది.

ఎమ్మిగనూరులో అబ్రహాం డాక్టరు ఉండేవాడు. మిలిటరీలో చేసి, పదవీ విరమణ పొంది, సొంత ఇంటి వసారాలోనే రోగులను చూసేవాడు. వసారాకు తలుపులు లేవు. మరియంబీ అక్కడ కూర్చోగలిగింది.

ఆయన మొదట కంటి రెప్ప కిందికి లాగి చూశాడు, గోళ్లు చూశాడు, నాలుక చూశాడు. రక్తం తక్కువే, అది నిజమే అన్నాడు. ఆ మాట వినగానే మరియంబీ లేచి పోబోయింది. ఈయన కూడా అంతేనని ఆమె అనుకుంది. అక్బర్‌బీ రెక్క పట్టి కూర్చోబెట్టింది. డాక్టరు వాళ్లు తెచ్చిన ఎర్ర సీసా తీసుకుని, చీటీ చదివి, పక్కన పెట్టాడు. ఇందులో ఎక్కువ భాగం చక్కెర పాకమని, పాకం పోను కొంత సారాయి అని చెప్పాడు. అక్బర్‌బీ తోబా అని చెంపలు వేసుకుంది. మోకాళ్ల నొప్పికని సైదా బీ చాటుగా రోజూ రెండు చెంచాలు తాగుతోందని, అప్పటి నుంచి ఆమెకు బ్రహ్మాండంగా నిద్ర పడుతోందని మరియంబీకి తెలుసు. ఎన్నాళ్లకో నవ్వు వచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. ఎనిమిది నెలలు.

డాక్టరు ఇనుము మాత్రలు ఇచ్చాడు. అన్నం తిన్నాక వేసుకోవాలి, టీతో వేసుకోకూడదు, పైన నిమ్మరసం తాగితే మంచిది, విరేచనం నల్లగా అవుతుంది, బెదరొద్దు అన్నాడు. తర్వాత చెప్పిన మాటకు మరియంబీ తల ఎత్తింది.

"అమ్మా, ఇవి మూడు నెలలు వేసుకుంటే కళ్లు తిరగడం పోతుంది, ఆయాసం పోతుంది. నీ భయం మాత్రం పోదు. భయం రక్తానిది కాదు. నీకు ఏం జరిగింది?"

ఎవరూ అడగని ప్రశ్న. దానికోసమే ఇన్నాళ్లూ ఎదురుచూసినట్టు ఆమెకు అప్పుడు తెలిసింది. తీరా అడిగాక, మిల్లు కాలింది, అని మాత్రం చెప్పి ఊరుకుంది. అక్బర్‌బీ ఇంటికి వచ్చి ఆ పూటంతా తనను తాను తిట్టుకుంది.

మరుసటి వారం మళ్లీ పోయారు. అప్పుడు చెప్పింది. తలుపు, తాళం, కిటికీ. హులిగమ్మ భుజాల మీద కాలు పెట్టి తాను ఎక్కిన సంగతి. అన్నీ చెప్పిందని కాదు. చివరి మాట ఒకటి మింగేసింది. డాక్టరు మధ్యలో అడ్డం రాలేదు. అంతా విని, డెబ్భై ఒకటి యుద్ధంలో తాను మిలిటరీ ఆస్పత్రిలో ఉన్నానని చెప్పాడు. ఆరడుగుల సిపాయిలు, రోజూ మాంసం తినేవాళ్లు, గుడ్లు తినేవాళ్లు, రాళ్లు పిండి చేయగల ఒళ్లు. అట్లాంటి వాళ్లు తలుపు దబ్బున పడితే మంచం కిందికి దూరేవారట. తిండి తక్కువై కాదు. చావు ఒకసారి దగ్గరికి వచ్చి పోయాక ఒళ్లు కాపలా దిగడం మరిచిపోతుంది. దాన్ని కొంచెం కొంచెంగా నమ్మించి దింపాలి.

"యట్ల దించాల?" అంది మరియంబీ. గొంతులో విసురు ఉంది. ఇంకొకరి సలహా ఆమెకు వద్దు.

"నిదానంగా," అన్నాడు డాక్టరు. "విసుగొస్తుంది. విసుగొచ్చినా చెయ్యాల."

ఆయన చెప్పిన పద్ధతి చిన్నది. అక్బర్‌బీ కండెలు చుట్టే గదికి ఒక తలుపు ఉంది. మొదటి వారం ఆ తలుపు బార్లా తెరిచి గుమ్మంలో కూర్చుని పని చేయాలి. తర్వాత వారం ఒక చాప దూరం లోపలికి జరగాలి. ఆ తర్వాత తలుపు జానెడు దగ్గరికి. దడ వస్తే లేచి పారిపోకూడదు, దడ తనంతట తాను తగ్గేదాకా కూర్చోవాలి. తగ్గుతుంది, ఎప్పుడూ తగ్గుతుంది, అన్నాడు. పక్కన అక్బర్‌బీ ఉండాలి.

దూదిని చూడలేని మనిషి నూలు ముట్టుకోగలదో లేదోనని అక్బర్‌బీ భయపడింది. నూలు ఎగరదు, వేళ్లకు చుట్టుకుని మాట వింటుంది. మరియంబీ రాట్నం దగ్గర కూర్చుంది. తలుపుతో మాత్రం ఆమెకు రోజూ యుద్ధమే. ఒక్కోరోజు జానెడు మూసినా కూర్చునేది. ఒక్కోరోజు బార్లా తెరిచి ఉన్నా చెమటలు పట్టేవి. ఎందుకో తెలిసేది కాదు. తెలియకపోవడమే ఆమెను ఎక్కువ కాల్చేది. నలభై రోజులు కష్టపడి సగం తలుపు దాకా వచ్చాక, నూలు తీసుకుపోవడానికి వచ్చిన నేతగాడు బసవన్న గుమ్మంలో బీడీ ముట్టించాడు. రాట్నం తన్నేసి ఆమె వీధిలోకి పరుగెత్తింది. ఆ తర్వాత పది రోజులు ఆ గదిలోకి పోనే లేదు. నలభై రోజుల పని మట్టిలో కలిసిందని గోడకు తల కొట్టుకుంది.

"కలవలేదు," అంది అక్బర్‌బీ. "పోగు తెగితే ముడేసి సుట్టుకుంటాం గానీ, కండె పారేస్తామా. లే."

మళ్లీ గుమ్మం నుంచి మొదలుపెట్టింది. ఈసారి నలభై రోజులు పట్టలేదు, పాతిక పట్టింది. ఇనుము మాత్రలు కూడా తమ పని తాము చేశాయి. మెట్లెక్కితే ఆయాసం పోయింది, లేవగానే కళ్లు చీకట్లు కమ్మడం పోయింది. ఖాసిం సాబ్ వారం వారం వచ్చి చూసి పోయేవాడు. చేతిలో సీసా లేకుండా రావడం ఆయనకు చేతకావడం లేదు. చివరికి ఒకసారి నిమ్మకాయలు తెచ్చాడు. ఆమె తీసుకుంది.

డెబ్భై తొమ్మిది వానాకాలంలో మిల్లు ప్రమాదం మీద విచారణకు కర్నూలు నుంచి ఒక ఆఫీసరు ఆదోనికి వచ్చాడు. మరియంబీని పిలిపించారు. ఆమె మూడు రోజుల ముందు నుంచే చెప్పవలసిన మాటలు కూడగట్టుకుంది. విచారణ జరిగే గది తలుపు వేయొద్దని అడిగింది. తెరిచే ఉంచారు. భీమప్ప గోడ వారన నిలబడ్డాడు. తలుపు దగ్గరికి వేసి ఉండిందే గానీ తాళం లేదని ఆయన అంతకుముందే చెప్పి ఉన్నాడు.

మరియంబీ తాళం ఉందని చెప్పింది. తడబడకుండానే చెప్పింది. ఆఫీసరు మర్యాదస్తుడు. అన్నీ రాసుకున్నాడు. తర్వాత మిల్లు గుమాస్తా ఇచ్చిన కాగితాల కట్ట తిరగేశాడు. అందులో ప్రతి నెలా ఆమె వేలిముద్ర ఉంది. నీరసానికి, రక్తలేమికి, కళ్లు తిరగడానికి మందు ముట్టినట్టు. బజారు మూల డాక్టరు చీటీలు కూడా ఉన్నాయి.

"నీకు ముందు నుంచీ నీరసం ఉందా అమ్మా?" అన్నాడు ఆయన. "ఆ రోజు కూడా కళ్లు తిరిగి ఉండొచ్చు కదా. తలుపు తోస్తే రాలేదంటే, తోసే బలం లేక కావచ్చు కదా."

ఆమెకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తాగిన ప్రతి చెంచా, వేయించుకున్న ప్రతి సూది ఆ కట్టలో కాగితమై ఆమెకు ఎదురు తిరిగింది. నీరసం తర్వాత వచ్చిందయ్యా, అని ఒకటి రెండుసార్లు అంది. ఆఫీసరు అది కూడా రాసుకున్నాడు. రెండు నెలలకు తీర్పు వచ్చింది. ప్రమాదం దైవికమన్నారు.

ఎమ్మిగనూరుకు తిరిగి వచ్చిన రోజు మరియంబీ గది తలుపు తానే దబ్బుమని వేసి లోపల కూర్చుంది. అక్బర్‌బీ బయటి నుంచి పిలిస్తే పలకలేదు. గుండె కొట్టుకుంటోంది. కొట్టుకోనీ అనుకుంది. అంతకంటే పెద్ద మంట ఆమె లోపల ఉంది. గంటసేపు అట్లాగే కూర్చుని బయటికి వచ్చింది. ఈ సంగతి విని డాక్టరు సంతోషపడలేదు. కోపం తలుపు వేయగలదు గానీ నిద్ర పుచ్చలేదు, అన్నాడు. ఆమెకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. నిజమే చెప్పాడని ఆ వారంలోనే తెలిసింది. కలలు మళ్లీ మొదలయ్యాయి.

ఆమె ఆదోని తిరిగి పోలేదు. సైదా బీని ఆదోని ఇంట్లోనే ఉంచి, ఖాసిం సాబే విల్లు తీసుకుని ఎమ్మిగనూరు వచ్చేశాడు. నూలు చుట్టడంలో మరియంబీకి చెయ్యి తిరిగింది. తలుపు ముప్పాతిక మూసిన గదిలో పొద్దంతా పని చేయగలిగేది. పూర్తిగా మూస్తే మాత్రం ఒకరోజు కుదిరేది, ఒకరోజు కుదిరేది కాదు.

ఎనభై ఒకటిలో, వేరుశనగ పీకే రోజుల్లో, భీమప్ప వచ్చాడు. పగటి పూట, గుమ్మంలో నిలబడ్డాడు. మరియంబీ ముందు గుర్తు పట్టలేదు. దవడలు లోపలికి పోయాయి, చొక్కా వేలాడుతోంది. మిల్లువాళ్లు ఆయన్ను తీసేసి ఏడాది దాటింది. అక్బర్‌బీ చాప వేసింది గానీ మంచినీళ్లు ఇవ్వలేదు.

చాలాసేపు వానల గురించి, నూలు ధర గురించి మాట్లాడాడు. చివరికి అసలు పని బయటపెట్టాడు. తనకు నిద్ర లేదు. అన్నం దిగడం లేదు. తాళం కప్ప చూస్తే చేతులు వణుకుతాయి. ఆదోనిలో చూపించుకోని డాక్టరు లేడు. అందరూ నీరసమంటున్నారు. తాగని టానిక్కు లేదు.

"నీకు నయమైందని సైదా బీ సెప్పింది," అన్నాడు. "మేం పంపిన ఎర్రమందు పని సేసిందని వీధంతా సెప్పుకుంటాంది. నేనూ అదే తాగినా. నాకు పని సేయలే. నువ్వేం మందు తిన్నావో సెప్పు తల్లీ."

మరియంబీ చేతిలో రాట్నం ఆగింది. నవ్వాలో, చెప్పు తీసుకోవాలో ఆమెకు తెలియలేదు. ఈ మనిషి చావుకు భయపడడం లేదు. తాను చేసిన దానికి భయపడుతున్నాడు. రెండూ ఒకే రకంగా వణికిస్తాయా అని ఆశ్చర్యపోయింది. జాలి రాలేదు. వస్తుందేమోనని కాసేపు ఆగి చూసింది.

"మందు లేదు," అంది. "ముందు ఆ పొద్దు ఏం జరిగిందో నీ నోటితో సెప్పు."

భీమప్ప అక్బర్‌బీ వైపు చూశాడు. ఆమె లేచి పోలేదు. ఆయన తల వంచుకున్నాడు.

"తాళమేసి ఉండె," అన్నాడు. "తాళం సెవి నా మొలతాడుకే ఉండె. అరుపులు నాకు ఇనపడినాయి. గంపలు నిండినాయేమో, తీయమని అరుస్తాండారనుకున్నా. టీ తాగి పోదామనుకున్నా."

ఇన్నేళ్లుగా ఈ మాట వింటే ఏదో తేలికపడుతుందని మరియంబీ అనుకుంటూ వచ్చింది. ఒక గుక్క టీ. అంత చిన్నది. ఆమెకు వచ్చిన కోపానికి ఆకారమే లేదు. లేచి, చెప్పులు వేసుకుంది.

"ఈ మాట సెప్పాల్సింది నాకు కాదు. పద."

ఇద్దరూ ఆదోని పోయే బస్సెక్కారు, అక్కడ దిగి హొళగుంద బస్సెక్కారు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, ఆయన్ను వెనక సీట్లో కూర్చోమంది. ఆ వేళ బస్సు నిండా జనం, తలుపు మీద వేలాడుతూ మనుషులు, బయటికి దారి లేదు. రెండుసార్లు ఆమె గుండె ఎగిరింది. డాక్టరు చెప్పినట్టు కూర్చునే ఉంది. రెండుసార్లూ తగ్గింది.

హులిగమ్మ తల్లి కళ్లంలో వేరుశనగ కాయలు ఆరబోస్తోంది. కూతురంత పొడుగు మనిషి, నడుము వంగింది. మరియంబీ ఎవరో చెప్పుకుంటే తెలిసింది. భీమప్ప ఎవరో చెప్పనక్కర్లేకపోయింది, కూతురి శవానికి పోయిన నాడు మిల్లు దగ్గర చూసిన మొహమే. ఆయన నిలబడే చెప్పాడు, గదిలో చెప్పినట్టే. ముసలామె చేటలో కాయలు అటూ ఇటూ కదుపుతూ విన్నది. విన్నాక, కళ్లం దిగి అవతల కూర్చోమని చేత్తో చూపించింది. ఆయన పోయి గట్టు మీద కూర్చున్నాడు.

"హౌదా," అంది తనలో తాను. అవునా అని. తర్వాత మరియంబీ వైపు తిరిగింది. "నువ్వు కడాకు ఉంటివి గదా. ఏమన్నా అనిందా?"

డాక్టరుకు కూడా చెప్పని మాట అదే. మరియంబీ పొట్లం కట్టి దాచుకున్న మాట.

"నన్ను భుజాల మీదికి ఎక్కించుకునింది," అంది. "ఎవరు ముందు అని మేం అనుకోలే. నువ్వు పొట్టిదానివి, నువ్వు నన్ను ఎత్తలేవు, ఎక్కు, అనింది. నేను ఎక్కినా. నేను ఒక్క సారి కూడా వద్దనలే అవ్వా. వద్దనే లేదు."

ముసలామె చేట కింద పెట్టింది. ఏడవలేదు. ఆమె మొహంలో కనిపించింది కోపం.

"మూడేండ్లు పట్టెనా ఈ మాట ఈడికి రాను?" అంది. "నా బిడ్డ ఒకత్తే, దారి తెలీక కాలిపోయిందనుకుంటి నేను. మూడేండ్లు. ఆదోని ఎంత దూరమని?"

నాకు నీరసమన్నారు, అని మరియంబీ చెప్పబోయి, సిగ్గుపడి ఆగిపోయింది. ఆ కళ్లంలో ఎండలో నిలబడి తిట్లన్నీ తిన్నది. ముసలామె అలిసిపోయేదాకా తిట్టింది. సాయంత్రం బస్సుకు వాళ్లు వెళ్లిపోయారు. భీమప్ప ఆదోనిలో దిగాడు. ఆయనకు నిద్ర పట్టిందో లేదో మరియంబీకి తెలియదు. మళ్లీ ఆయన రాలేదు.

ఆమెకు మాత్రం ఆ తర్వాత కలలు పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు. ఏటా ఒకసారి హొళగుంద పోవడం అలవాటు చేసుకుంది. మొదటి ఏడు ముసలామె పలకరించలేదు. రెండో ఏడు, ఎందుకొచ్చినావు అంది. మూడో ఏడు పోయేసరికి జొన్న కోతకు వచ్చి ఉంది, కూలీలు దొరకలేదు. ముసలామె ఊళ్లో వాళ్లందరినీ పేరుపేరునా తిట్టుకుంటూ వచ్చి, మరియంబీ చేతిలో కొడవలి పెట్టి, ఏ సాలు నుంచి మొదలుపెట్టాలో చూపించింది.